అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు

మా చెల్లి ఇంటికి బాల్కనీ ఉంది, మా ఇంటికి లేదు. ఆ వేసవిలో జరిగిందంతా ఈ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అలా చెబితే తప్పంతా బాల్కనీది అనుకుంటారు వినేవాళ్ళు. పాపం, అది సిమెంటుది. దానికేం తెలుసు.

మూడో అంతస్తులో మావి ఎదురెదురు గుమ్మాలు. మధ్యలో, మెట్లు ఎక్కి వచ్చేచోట, ఒక చాప పరిచేంత జాగా. నేను తలుపు తీస్తే వాళ్ళ హాలు, దాని వెనక బాల్కనీ, ఆ వెనక పార్కులో చెట్ల తలలు కనిపిస్తాయి. వాళ్ళు తలుపు తీస్తే మా ఇంట్లో కనిపించేది గోడ. మా కిటికీలన్నీ పక్క బిల్డింగు వీపు చూస్తూ ఉంటాయి. ఆ గోడ మీద ఎన్ని పైపులున్నాయో, ఏది ఎక్కడ కారుతుందో, నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇద్దరికీ ఒకటే అద్దె. నా మంటంతా అక్కడ.

ఆ ఇల్లు నాకు రావలసింది. కాదు, ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆ ఇల్లు వద్దన్నది నేనే. తొమ్మిదేళ్ళ క్రితం అక్కచెల్లెళ్ళం కలిసి ఇళ్ళు చూసుకోవడానికి వచ్చినప్పుడు, పెద్దదాన్ని కాబట్టి ముందు నన్నే ఎంచుకోమన్నారు. అప్పట్లో వీధి వైపు పార్కు లేదు, లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. పొద్దున్నే సుత్తి దెబ్బలు, పొగ, డ్రైవర్ల తిట్లు. బాల్కనీలో రెండు నిమిషాలు నిలబడితే ముక్కు నిండా మసి. వెనక వైపు ఇంట్లో హాలు పొడుగ్గా ఉంది, నా కత్తిరింపుల బల్ల చక్కగా పడుతుంది. కర్టెన్లు కుట్టి బతికేదాన్ని, నాకు బల్ల ముఖ్యం. నువ్వు చిన్నదానివి, నీకు చప్పుడు త్వరగా అలవాటవుతుందిలే అని వీధి వైపుది మా చెల్లి చిట్టికి అంటగట్టాను. అది తలూపింది. చిన్నప్పటి నుంచీ నేను ఏది అంటగడితే దానికి తలూపే రకం అది.

మూడేళ్ళు తిరక్కుండా షెడ్డు ఎత్తేశారు. ఆ జాగాలో పార్కు వేశారు. నాలుగేళ్ళకి చెట్లు రెండో అంతస్తు దాటాయి. ఇంక చూడండి, సాయంత్రమయ్యేసరికి వాళ్ళ ఇంట్లో ఎక్కడి కాగితం అక్కడ ఎగిరిపోయేంత గాలి. మా మరిది, అంటే చిట్టి మొగుడు, దుకాణాలకి అద్దాలు బిగించే పని చేస్తాడు. ఎక్కడో మిగిలిన అద్దాలు తెచ్చి ఆ బాల్కనీకి పక్కకి జరిగే మూడు పలకలు పెట్టాడు. వాన వస్తే మూస్తారు, లేకపోతే తెరుస్తారు. అందులో చాప పరిచి చిట్టి పిల్లలకి ట్యూషన్ చెప్పేది. పదిహేను మంది పిల్లలు, వాళ్ళలో మా అమ్మాయి ఒకతి. దానికి ఫీజు లేదు, పిన్ని కదా.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. అంటే పడక నా ఇంట్లో, ఊపిరి వాళ్ళ ఇంట్లో. మూడున్నరకి తన స్టూలు తను పట్టుకుని గుమ్మం దాటేది. మళ్ళీ అన్నాల వేళకి వచ్చేది. మా అమ్మాయి బడి నుంచి వచ్చి బ్యాగు మాత్రం మా ఇంట్లో పడేసి అటు పోయేది. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, మన జనమంతా ఎక్కడ అని అడిగి, ఆయనా అటే పోయేవాడు. అందరూ అక్కడ నవ్వుకుంటుంటే నేను ఇక్కడ మిషను తొక్కుతూ ఉండేదాన్ని. నన్నూ రమ్మని పిలిచేవాళ్ళు, పిలవలేదంటే కళ్ళు పోతాయి. పని ఉందనేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అని మా అమ్మ ఒకసారి నన్ను చూసి దెప్పింది. ఆ పుల్లకూర నేను వడ్డించిందే అని తనకీ తెలుసు.

చిట్టి నన్ను ఒకే ఒక్కటి అడిగింది. ఆ అద్దాలకి ఒక కర్టెన్ కుట్టిపెట్టక్కా, మధ్యాహ్నం పిల్లల కళ్ళలో ఎండ పడుతోంది అని. గుడ్డ అదే కొని తెచ్చింది కూడా, లేత ఆకుపచ్చది. రేపు అన్నాను. ఎల్లుండి అన్నాను. సీజను పోనీ అన్నాను. అలా మూడేళ్ళు ఆ గుడ్డ నా బల్ల కింద పడి ఉంది. ఊళ్ళో వాళ్ళందరి కిటికీలకీ కర్టెన్లు కుట్టిన దాన్ని, సొంత చెల్లికి కుట్టకపోవడానికి తీరిక లేక కాదు. అసలే అందమైన బాల్కనీ, దానికి నా చేత్తో ఇంకాస్త అందం తెచ్చిపెట్టడం నా వల్ల కాలేదు. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

ఇంక మా పని సంగతి ఒకటి చెప్పాలి. కర్టెన్లకి కొలతలు తీసేటప్పుడు టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆదివారాలు చిట్టి వచ్చేది. అది కొస పట్టుకుని అంకె చదివేది, నేను రాసుకునేదాన్ని. కిటికీ ఎంతుంటే అంత రాయకూడదు. అంతే కుడితే రెండు పక్కలా సందుల్లోంచి వెలుగు దూరుతుంది. అందుకని అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు కలిపి రాయాలి. ఆరడుగులని అది చదివితే, ఆరడుగుల నాలుగంగుళాలని నా చెయ్యి రాస్తుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. "అటు రెండు, ఇటు రెండు" అని చిట్టి పాటలా అంటుండేది, నన్ను ఏడిపించడానికి.

ఆ వేసవి మొదట్లో మా వీధి మీదికి అద్దెల పురుగు వచ్చిపడింది. అవతలి రోడ్డులో పెద్ద పెద్ద ఆఫీసులు తెరిచారు. పొద్దున ఖాళీ ఇంటికి బోర్డు కడితే మధ్యాహ్నానికి బోర్డు ఉండేది కాదు. ఇస్త్రీ ఆయన, మందుల షాపులో పనిచేసే ఆవిడ, కింద అంతస్తులో ఉండే రిటైరైన గుమాస్తా ఒకరి తర్వాత ఒకరు మూటలు కట్టారు. మా ముసలి ఓనరు బిల్డింగుని ఒక కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. కంపెనీ తరఫున ఒక మేనేజరు వచ్చి కింద వాచ్‌మన్ గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. మనిషి మెత్తన. మాట అంతకంటే మెత్తన. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని మా ఆయన అన్నాడు.

మేనేజరు నన్ను కిందికి పిలిపించాడు. ఇకమీదట అద్దె ఇంటికింత అని కాదట, గదుల లెక్కన అట. ఇరవై నాలుగు ఇళ్ళ కొలతలూ కావాలి. అతను వెళ్తే ఎవరూ తలుపు తీయడంలేదు. "మీరైతే కర్టెన్లమ్మ. మీకు తలుపు తీయనివాళ్ళు లేరు" అన్నాడు. నేను కొలిచి ఇస్తే మా ఇంటికి ఏడాదిపాటు పాత అద్దే ఉంచుతానన్నాడు. కొలతల్లో తప్పు తేలితే మాత్రం ఆ మాట ఉండదన్నాడు. కాగితాలు పెట్టుకోవడానికి క్లిప్పు ఉన్న అట్ట ఒకటి ఇచ్చాడు. లేచి వస్తుంటే ఇంకో సంగతి చెప్పాడు. బాల్కనీ తెరిచి ఉంటే గీత కొట్టెయ్యాలి. మూసి ఉంటే మూసి ఉందని రాసి వెడల్పు వెయ్యాలి.

మా ఆయనకి ఇది నచ్చలేదు. అద్దె పెరిగినవాళ్ళు కంపెనీని తిట్టరు, టేపు పట్టుకున్నదాన్ని తిడతారు అన్నాడు. నేను కొలవకపోతే ఇంకొకడు కొలుస్తాడన్నాను. లోకంలో చెడ్డపనులన్నీ ఇదే మాట చెప్పుకుని చేస్తారని నాకు అప్పుడూ తెలుసు.

వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాం, నేనూ చిట్టీ. బాల్కనీలున్నవి ఎనిమిది ఇళ్ళు. అద్దాలు పెట్టుకున్నది మా చెల్లి ఒక్కతే. గదులు కొలిచేటప్పుడు గోడ నుంచి గోడకి ఎంతుంటే అంతే రాయాలి, ఏమీ కలపకూడదని నాకు నేను పదిసార్లు చెప్పుకుని అలాగే రాశాను. చివరికి చిట్టి ఇల్లు మిగిలింది.

సాయంత్రం నాలుగైంది. ట్యూషన్ పిల్లలు ఇంకా రాలేదు. అద్దాలు మూడూ ఒక పక్కకి తోసి ఉన్నాయి. అమ్మ స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుని గాలి పీలుస్తోంది. మా అమ్మాయి చాప మీద బోర్లా పడుకుని రంగులు వేస్తోంది. హాలు కొలిచాం, పడకగది కొలిచాం. బాల్కనీలోకి వచ్చి ఆ అద్దం వైపు చూశాను. మా అమ్మాయి వేసిన బొమ్మ ఒకటి అతికించి ఉంది. కింద 'మా ఇల్లు' అని రాసి ఉంది. బొమ్మలో బాల్కనీ, చెట్లు, స్టూలు మీద అమ్మమ్మ, పక్కన పిన్ని. బడిలో వేసిందట, టీచరు బాగుందని రాసిందట.

నేను ఆ బొమ్మలో లేను. మా ఇల్లే లేదు.

అప్పుడు నాకు వచ్చింది కోపం అంటే కోపం కాదు. ఏడుపు అంటే ఏడుపూ కాదు. పేరు పెట్టి చెప్పాలంటే కుళ్ళు. ఈ ఇంటికీ మా ఇంటికీ ఒకటే అద్దె. దీనికి గాలి, దీనికి వెలుగు, దీనికి మా అమ్మ, దీనికి నా కూతురు. కాస్త అద్దె పెరిగితే తెలిసొస్తుంది అనుకున్నాను. కాస్త చాలు అని కూడా అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

"గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయే. ఆ అద్దాలు కాస్త మూయి" అన్నాను.

చిట్టి నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒక్కొక్క పలకా జరిపి మూసింది. మూడు చప్పుళ్ళు. అమ్మ కళ్ళు తెరిచి, ఏమే, వాన వస్తోందా అని అడిగింది.

చిట్టి టేపు కొస పట్టుకుని తొమ్మిది అని చదివింది. నేను రాసుకున్నాను. పక్కన 'మూసి ఉంది' అని రాశాను. అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు. అప్పటికి అది మూసే ఉంది మరి. కాగితం మీద అంకె ఎంత పడిందో చూసుకోలేదు. మూడేళ్ళుగా ఆ అద్దాలకి కుట్టని కర్టెన్ నా కళ్ళలో వేలాడుతూనే ఉంది. గోడలన్నీ గోడల్లా కొలిచిన చెయ్యి అద్దం దగ్గరికి వచ్చేసరికి తన అలవాటు తను చూపించింది. తొమ్మిదడుగుల నాలుగంగుళాలు.

ఆ సంగతి నాకు కంపెనీ నుంచి అద్దె ఉత్తరాలు వచ్చాకే తెలిసింది. మా ఇంటికి పాత అద్దె. బిల్డింగులో చాలామందికి ఓ మోస్తరు పెంపు. చిట్టి వాళ్ళకి మాత్రం మూడు గదుల అద్దె, అంటే కట్టేదానికి ఇంకో సగం. వాళ్ళ బాల్కనీ తొమ్మిదడుగుల నాలుగంగుళాలని, తొమ్మిదడుగులు మించి మూసిన జాగా ఏదైనా గది కింద లెక్క అని ఉత్తరంలో రాసి ఉంది. ఆ నిబంధన మేనేజరు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఉన్నమాట చెబుతాను. మొదటి రెండు రోజులు నాకు హాయిగా ఉంది. చిట్టి మొహంలో నవ్వు తగ్గింది. అన్నం సయించింది నాకు. మూడో రోజు మా మరిది ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెనకే చిట్టి. అతను మెతక మనిషి, గట్టిగా మాట్లాడటం రాదు. ఆ అద్దం తను కోసిందట, చట్రంతో కలిపి సరిగ్గా తొమ్మిదడుగులట, ఒక్క నూలు కూడా ఎక్కువ లేదట. మేనేజరు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. అద్దాలు పీకేస్తానంటే, కొలిచిన రోజున మూసి ఉందా లేదా అన్నదే లెక్క అన్నాడట. కొలిచినవాళ్ళే వచ్చి కొలత తప్పని సంతకం పెడితే మార్చడానికి అభ్యంతరం లేదన్నాడట.

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది వదినా. ఒక్క సంతకం పెట్టండి చాలు, మేం ఇక్కడే ఉండిపోతాం" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. సంతకం పెడితే కొలతలో తప్పు నాదే అని తేలుతుంది, మా ఏడాది అద్దె మాట గాలికి పోతుంది. మా ఆయన జీతంలో పెరిగే అద్దెకి చోటు లేదు. ఇదంతా నిజమే. కానీ ఇది మాత్రమే నిజం కాదు. ఎదురుగా చిట్టి గుమ్మం తెరిచి ఉంది, ఆ గుమ్మంలోంచి వాళ్ళ చెట్లు కనిపిస్తున్నాయి. రేపు వెళ్దాంలే అన్నాను. చిట్టి ఉత్తరం మడిచి మొగుడి జేబులో పెట్టి, పదండి అంది.

మర్నాడు నాకు అర్జెంటు ఆర్డరు ఉంది. ఆ మర్నాడు తలనొప్పి వచ్చింది. ఆ తర్వాత మా మరిది మళ్ళీ అడగలేదు. ఎందుకు అడగలేదా అని నేనూ అడగలేదు.

మేనేజరు దగ్గరికి నేను ఒకసారి వెళ్ళాను. సంతకం పెట్టడానికి కాదు. ఈ మాట మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. ఒకవేళ వాళ్ళు ఖాళీ చేస్తే, ఆ వీధి వైపు ఇల్లు మాకు ఇస్తారా, మా అద్దెకే ఇస్తారా అని అడగడానికి వెళ్ళాను. మేనేజరు నవ్వాడు.

"ఆ అద్దెకా? అది ఇప్పుడు మూడు గదుల ఇల్లు కదమ్మా. మీరేగా కొలిచింది."

మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు ఆ రోజు ఆరో అంతస్తులా అనిపించింది. అయినా వెనక్కి దిగి, కొలత తప్పు, ఇదిగో సంతకం అనలేదు. అప్పుడైనా అనొచ్చు. నాకు దక్కనిది దానికి మాత్రం ఎందుకు దక్కాలి అని ఒక్క ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనతోనే మిగిలిన మెట్లన్నీ ఎక్కేశాను.

చిట్టి వాళ్ళు కొత్త ఇంటి కోసం నెలరోజులు ఎండలో తిరిగారు. ఎక్కడ చూసినా అదే మంట, అవే అద్దెలు. చివరికి ఊరి చివర, గోడౌన్ల వెనక, రెండు బస్సులు మారి వెళ్ళేచోట ఒకే గది ఇల్లు దొరికింది. అక్కడ ట్యూషన్‌కి వచ్చే పిల్లలెవరూ ఉండరు. ఆఖరి రోజు పదిహేను మందీ వచ్చి చాప మీద కూర్చుని వెళ్ళారు. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పిన్ని ఎందుకు వెళ్ళిపోతోందని అడిగింది. అద్దె పెరిగిందమ్మా అన్నాను. మరి మనకెందుకు పెరగలేదని అడిగింది. పదేళ్ళ పిల్ల. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను దాని మీద గయ్యిమని లేచాను. మా అమ్మ స్టూలు మీద నుంచి నా వైపు చూసి మళ్ళీ మొహం తిప్పుకుంది.

సామాను దించే రోజు పొద్దున్నే ట్రాలీ వచ్చింది. మా ఆయన, మరిది మంచం పట్టుకుని మెట్ల మలుపులో తిప్పలు పడుతున్నారు. నేను ఖాళీ ఇంట్లోకి వెళ్ళాను. చిట్టి బాల్కనీలో నేల ఊడుస్తోంది. వెళ్ళిపోయే ఇల్లు ఊడవడమేమిటే అన్నాను. వచ్చేవాళ్ళు దుమ్ములో అడుగుపెట్టకూడదు కదక్కా అంది. ఎండకి ఒళ్ళు కమిలి, మనిషి సగమైంది. ఆ ఆకుపచ్చ గుడ్డ తెచ్చివ్వనా, అక్కడ కుట్టించుకుందువు గాని అన్నాను. అక్కడ కిటికీ ఒక్కటే, చిన్నది, అంత గుడ్డ అక్కర్లేదంది.

అప్పుడు నా నోటి నుంచి అదంతట అదే వచ్చింది. నేను సంతకం పెట్టి ఉండాల్సిందే, ఆ నాలుగంగుళాలు నా చేతి అలవాటే, కావాలని రాసింది కాదు. ఇదంతా ఏదో సంజాయిషీలా గొణిగాను.

చిట్టి చీపురు గోడకి ఆనించింది.

"నాలుగంగుళాల సంగతి ఉత్తరం చూడగానే తెలిసిందక్కా. అటు రెండు, ఇటు రెండు. నీ చెయ్యి నాకు తెలీదా? సంతకం పెడితే మీ అద్దె కూడా పెరుగుతుంది. నీ దగ్గర అమ్మ ఉంది, పాప ఉంది. అందుకే ఆయన్ని మళ్ళీ అడగొద్దన్నాను."

అది అంతటితో ఆపి ఉంటే నేను దాన్ని కౌగిలించుకుని ఏడ్చేదాన్ని. ఏడిస్తే అన్నీ కొట్టుకుపోయేవి. అది ఆపలేదు.

"గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయన్నావు చూడు" అంది, కిందికి చూస్తూ. "ఆ రోజు నీ అట్టకి క్లిప్పు ఉందక్కా."

అంతే అంది. గొంతు పెంచలేదు. తర్వాత చీపురు తీసుకుని మిగిలిన మూల ఊడ్చింది. దుమ్ము ఎత్తింది. కింద నుంచి మరిది పిలిచాడు. వెళ్ళొస్తానని అమ్మకి చెప్పింది, మా అమ్మాయిని ముద్దు పెట్టుకుంది. నాకూ చెప్పింది, అందరికీ చెప్పినట్టే.

మా అమ్మ దానితో వెళ్ళలేదు. ఒకటే గది కదా, ఎక్కడ పడుకుంటుంది. ఆదివారం ఆదివారం మా ఆయన బస్సుల్లో తీసుకెళ్ళి తీసుకొస్తాడు. మా అమ్మాయీ వెళ్తుంది. నన్ను రమ్మంటారు. పని ఉందంటాను. ఇప్పుడు నిజంగానే ఉంటోంది. టేపు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక కొలతలకి రెట్టింపు సమయం పడుతోంది. ఒక కొసని మేకుకి తగిలించుకుని నేనే అటూ ఇటూ తిరుగుతున్నాను.

ఎదురింటికి వానలు మొదలయ్యాక కొత్తవాళ్ళు వచ్చారు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఆ పెద్ద ఆఫీసుల్లో పనిచేస్తారు. మంచివాళ్ళే. వచ్చిన వారానికే ఆవిడ నన్ను పిలిచింది. బాల్కనీ అద్దాలకి బాగా మందంగా, వెలుగు చుక్క కూడా రాకుండా కర్టెన్ కావాలంది. ఇంట్లో కూర్చుని పనిచేసేటప్పుడు కంప్యూటర్ మీద వెలుగు పడుతోందట. గాలి బాగుంటుందమ్మా ఇక్కడ, సాయంత్రాలు తెరిచి పెట్టుకోండి అన్నాను. గాలికేం, ఏసీ పెట్టించాం కదా అంది. కొలత తీసుకోరా అని అడిగింది. అక్కర్లేదు, నాకు తెలుసు, తొమ్మిదడుగులు అన్నాను.

చీటీ మీద ముందు తొమ్మిది అనే రాశాను. కానీ పక్కల్లోంచి వెలుగు వస్తే ఆవిడ ఒప్పుకోదు. అటు రెండు, ఇటు రెండు కలిపాను.

తగిలించడానికి వెళ్ళిన రోజు సాయంత్రం వాళ్ళ తలుపు బార్లా తీసి ఉంది. ఎదురుగా మా గుమ్మంలో అమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. వాళ్ళ తలుపు ఎప్పుడైనా అలా తెరిచి ఉంటే అమ్మ అక్కడికి వచ్చి కూర్చుంటుంది. అద్దాలు పక్కకి తోసి ఉన్నాయి. పార్కు మీద నుంచి వచ్చిన గాలి హాలు దాటి, మెట్ల జాగా దాటి, అమ్మ నుదుటి మీద వెంట్రుకల దాకా వస్తోంది. నేను వాళ్ళ కుర్చీ ఎక్కి రింగులన్నీ కడ్డీకి ఎక్కించాను. దిగి, ఆవిడ చూస్తుండగా అద్దాలు మూసి, కర్టెన్ ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగాను. బాగా వచ్చింది. ఒక్క సందు కూడా లేదు. ఆవిడ బాగుందంది.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమే పెద్దదానా, గాలి ఆగిపోయింది. తలుపేశారా?"

"లేదమ్మా" అన్నాను. "కర్టెన్ వేశాను."